18446744073709551615: ఈ సంఖ్యను చేత్తో ఎంతవరకు విప్పొచ్చు?

#1 నిమ్మకాయసోడా

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడోదాంట్లో నాలుగు. ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? లెక్క పాతదే, జవాబులు మాత్రం తలో రకంగా వస్తున్నాయి.

ఎక్సెల్‌లో సూత్రం పెడితే 18446744073709600000
ఎక్సెల్ గడిలో అంకెలన్నీ టైపు చేస్తే 18446744073709500000
బ్రౌజర్ కన్సోల్‌లో జావాస్క్రిప్ట్‌తో 18446744073709552000
పైథాన్‌లో 18446744073709551615
కొన్ని వెబ్ పేజీల్లో 9223372036854775808

పైథాన్ చెప్పిందే నిజమని అందరూ అంటారు. పైథాన్ మీద నమ్మకంతో కాకుండా, కాగితం మీద ఎలా రుజువు చేయాలి? మిగతావి ఎందుకు తప్పుతున్నాయి? ఈ సంఖ్యకు ఇంకేమైనా చెప్పుకోదగ్గ గుణాలుంటే అవి కూడా రాయండి.

#2 అరవైనాల్గుబిట్లు

చివరిది ముందు తేల్చేద్దాం. 9223372036854775808 అంటే 2⁶³, అంటే 64వ గడిలో ఒక్కదాంట్లో పడే గింజలు. మొత్తం కాదు. మొదటి గడి 2⁰ కాబట్టి చివరి గడి 2⁶³, మొత్తం 2⁶⁴ − 1. ఎక్కువమంది జారేది ఇక్కడే.

ఎక్సెల్, జావాస్క్రిప్ట్ రెండూ మామూలు సంఖ్యను 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో దాస్తాయి. అందులో అసలు అంకెలకు దక్కేది 53 బిట్లే. 2⁵³ దాటాక పూర్ణ సంఖ్యలన్నీ అందులో పట్టవు, మధ్యలో ఖాళీలు వస్తాయి. 2⁶⁴కు కిందివైపు ఆ ఖాళీ 2048, పైవైపు 4096. అంటే 18446744073709549568 తర్వాత దాయగలిగినది నేరుగా 18446744073709551616. మన సంఖ్య ఈ రెండింటి మధ్య పడింది. దగ్గరున్నది 2⁶⁴ కనుక అదే అయి కూర్చుంటుంది. ఒకటి తీసేసినా తీసేయనట్టే.

కనబడే అంకెల్లో తేడా ముద్రణ పద్ధతి వల్ల వచ్చింది. ఎక్సెల్ 15 అంకెలే చూపిస్తుంది. లెక్క కట్టిన విలువనైతే 15వ అంకె దగ్గర సవరిస్తుంది, అందుకే …096. టైపు చేసిన విలువనైతే 15 అంకెల తర్వాత ఉన్నవన్నీ సున్నాలు చేస్తుంది, అందుకే …095. జావాస్క్రిప్ట్ ఆ విలువను పక్కవాటి నుంచి వేరు చేయడానికి చాలినన్ని అంకెలు వేసి మిగతా చోట సున్నాలు పెడుతుంది.

సరిచేసుకోవాలంటే: జావాస్క్రిప్ట్‌లో బిగ్‌ఇంట్ (ఎంత పెద్ద పూర్ణ సంఖ్యనైనా పట్టే రకం) వాడాలి, ప్రతి సంఖ్య పక్కనా ‘ఎన్’ అక్షరం పెట్టి. మామూలు సంఖ్యతో 2⁶⁴ − 1 కట్టి ఆ తర్వాత బిగ్‌ఇంట్‌కు మారిస్తే …616 వస్తుంది, ఎందుకంటే నష్టం మార్చకముందే జరిగిపోయింది. ఎక్సెల్‌లో గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టి తర్వాత టైపు చేయాలి. అప్పుడు దాచుకోవడానికి పనికొస్తుంది, లెక్కకు కాదు. డేటాబేస్ విషయంలో మైఎస్‌క్యూఎల్‌లో గుర్తులేని (అన్‌సైన్డ్, రుణ సంఖ్యలు పట్టని) బిగ్‌ఇంట్ సరిగ్గా ఈ సంఖ్య వరకు పడుతుంది. పోస్ట్‌గ్రెస్ బిగ్‌ఇంట్‌కు గుర్తు ఉంటుంది, 9223372036854775807 దగ్గర ఆగిపోతుంది. అక్కడ న్యూమరిక్ వాడుకోవాలి.

#3 పలకబలపం

కాగితం మీద చేసే దారి ఇది. 64 సార్లు రెట్టింపు చేయకండి, మధ్యలో ఒక్క అంకె తప్పినా చివరిదాకా పట్టుబడదు. వర్గాలు చేసుకుంటూ పోతే ఆరు మెట్లే.

2, 4, 16, 256, 65536, 4294967296. ఆ చివరిదాని వర్గమే 2⁶⁴.

4294967296ను 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. మొదటి ముక్క వెనక ఐదు స్థానాలున్నాయి.

42949² = 1844616601 (43000² నుంచి సవరించుకుంటే సులువు: 1849000000 − 4386000 + 2601)
2 × 42949 × 67296 = 5780591808
67296² = 4528751616

మొదటిదానికి పది సున్నాలు, రెండోదానికి ఐదు సున్నాలు పెట్టి కూడాలి.

18446166010000000000
+ 578059180800000
+ 4528751616
= 18446744073709551616

ఒకటి తీస్తే 18446744073709551615. తప్పు జరిగితే ఎక్కువగా మధ్య వరుస ఐదు సున్నాల దగ్గరే జరుగుతుంది, ఒక స్థానం అటో ఇటో పోతుంది. గళ్ల కాగితం మీద రాసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రతి మెట్టు దగ్గరా తొమ్మిదులు తీసేసి సరిచూసుకోండి. 256 అంకెలు కూడి ఒక్క అంకెకు తెస్తే 4. 65536 తెస్తే 7; 4 × 4 = 16, అదీ 7. 4294967296 తెస్తే 4; 7 × 7 = 49, అదీ 4. చివరిదాని అంకెల మొత్తం 88, తెస్తే 7. సరిపోయింది.

#4 కరీంనగర్_కారణాంకం

తొమ్మిదుల పరీక్ష ఒక్కటే నమ్ముకుంటే దెబ్బతింటరు. పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తం మారది గదా, పరీక్ష పాసైపోతది. సున్నా తప్పిపోయినా, 9 బదులు 0 రాసినా గంతే. ఈ సంఖ్యల రెండు సున్నాలున్నయి, 7 3 7 లాంటి తికమక కూడా ఉంది.

ఒకేసారి 7, 11, 13 మూడింటినీ పట్టే పరీక్ష ఉంది, 1001 పద్ధతి. కుడి నుంచి మూడేసి అంకెలు కట్ చేసి ఒకటి కూడాలె, ఒకటి తీసెయ్యాలె.

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1001 తీసేస్తే 15. ఈ 15ను 7తో భాగిస్తే శేషం 1, 11తో 4, 13తో 2.

ఇప్పుడు వేరే దారిల అవే శేషాలు రావాలె. 7 విషయంల 2³ శేషం 1. 64లో మూళ్లు పోను ఒకటి మిగుల్తది, కాబట్టి 2⁶⁴ శేషం 2, ఒకటి తీస్తే 1. సరే. 11కు 2¹⁰ శేషం 1; 64లో పదులు పోను 4; 2⁴ = 16, శేషం 5, ఒకటి తీస్తే 4. సరే. 13కు 2¹² శేషం 1. 64లో పన్నెండులు పోను 4. 16 శేషం 3, ఒకటి తీస్తే 2. మూడూ కలిసినయి.

తొమ్మిదిది కూడా చేసి పెడ్త: అంకెల మొత్తం 87, తెస్తే 6. 2⁶ శేషం 1, 64లో ఆర్లు పోను 4, 16 శేషం 7, ఒకటి తీస్తే 6.

#5 ఛందోబద్ధుడు

మిత్రులారా, ఈ సంఖ్యను తెలుగువాళ్లు కంప్యూటర్లకు చాలా ముందే పద్యంలో భద్రం చేసుకున్నారు. మహావీరాచార్యుల గణితాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేర ప్రచారంలో ఉన్న చంపకమాల అది. అంకెల భాగం ఇదీ:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు…

భూతసంఖ్యల (వస్తువుల పేర్లతో అంకెలు చెప్పే పద్ధతి) లెక్కన విప్పితే: శర 5 (మన్మథ బాణాలు), శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4 (బ్రహ్మ ముఖాలు), కుంజర 8 (దిగ్గజాలు), తుహినాంశు 1.

‘అంకానాం వామతో గతిః’ అన్నారు కాబట్టి ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి: 1 8 4 4 6 7 4 4 0 7 3 7 0 9 5 5 1 6 1 5. ఇరవై అంకెలూ దిగాయి.

పదాల ఎంపిక గమనించండి. ఒకటికి మూడు పేర్లు వాడాడు: శశి, చంద్ర, తుహినాంశు. ఏడుకు నగ, భూధర, గిరి. ఐదుకు శర, సాయక. గణాలకు ఏది కుదిరితే అది. ‘శశి’ రెండు లఘువులు, ‘చంద్ర’ గురువు లఘువు. ఒకదాని చోట మరొకటి పెడితే న-జ-భ-జ-జ-జ-ర నడక తప్పుతుంది. మొదటి పాదంలో శ–సా యతి, పాదాలకు ‘ర’ ప్రాస ఉండనే ఉన్నాయి. రాతలో ఒక మాట జారిపోతే చదివేవాడి చెవికి తెలిసిపోతుంది.

#6 నిమ్మకాయసోడా

అద్భుతం! అయితే ఒక అనుమానం. సప్త సముద్రాలు అంటాం కదా, అబ్ధికి, పయోనిధికి 4 ఎందుకు, 7 కాదా? కొండలకు కూడా అష్ట కులాచలాలని కొందరు అంటారుగా.

#7 ఛందోబద్ధుడు

గణిత, జ్యోతిష గ్రంథాల వాడుకలో సముద్రానికి నాలుగే ఎక్కువ, చతుస్సముద్రాలు అన్న లెక్క. ఏడు కూడా అక్కడక్కడ కనిపిస్తుంది. కొండకు ఏడు స్థిరం. ఛందస్సు మాటను కాపాడుతుంది కానీ మాటకు ఏ విలువ తీసుకోవాలన్నది చెప్పలేదు. అది నిజమే.

#8 కరీంనగర్_కారణాంకం

విలువ తేల్చనీకి గణితం ఉంది గదా. అబ్ధి ఒక్కటే 7 అనుకుంటే అంకెల మొత్తం 90, శేషం 0. పయోనిధి కూడా 7 అనుకుంటే 93, శేషం 3. మనకు రావాల్సింది 6. రెండూ 4 అయితేనే 87, శేషం 6. సముద్రం నాలుగే.

#9 శేషం_మిగిలింది

ఇక కారణాంకాల సంగతి. ఇరవై అంకెల సంఖ్యను విడగొట్టడం మామూలుగా చేత్తో అయ్యే పని కాదు. ఇది అవుతుంది, 64 కూడా రెండు ఘాతమే కాబట్టి. వర్గాల భేదం సూత్రాన్ని మళ్లీ మళ్లీ వేయండి.

2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1)
2³² − 1 = (2¹⁶ + 1)(2¹⁶ − 1)

ఇలా కిందికి దిగితే 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు (2, 4, 16, 256… ఇలా వర్గాలు చేసుకుంటూ పోయి ఒక్కోదానికి ఒకటి కలిపినవి), సున్నా నుంచి ఐదో దాకా. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. చివరిది, 4294967297 కూడా అంతేనని ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు.

641 భాగిస్తుందని భాగహారం చేయకుండానే చూపొచ్చు. 641 = 5 × 2⁷ + 1, ఇంకా 641 = 5⁴ + 2⁴. మొదటిదాన్ని బట్టి 5 × 2⁷ శేషం −1 (అంటే 641కి ఒకటి తక్కువ). నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ చోట −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³² శేషం 1, అంటే 2³² + 1ని 641 భాగిస్తుంది.

కాబట్టి 18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417.

ఏడు వేర్వేరు ప్రధానాలు, భాజకాలు 2⁷ = 128.

#10 పలకబలపం

6700417 ప్రధానమని ఊరికే ఒప్పుకోలేం కదండీ. దాని వర్గమూలం 2588 దాటుతుంది, అప్పటిదాకా ఉన్న ప్రధానాలు 370కి పైన. అన్నింటితో భాగించాలా?

#11 శేషం_మిగిలింది

అక్కర్లేదు. ఐదో ఫెర్మా సంఖ్యను భాగించే ఏ ప్రధానమైనా 128తో భాగిస్తే శేషం 1 రావాలి. ఆయిలర్ వాదనతో 64 వస్తుంది, దాన్ని లూకా 128కి పెంచాడు. 2588 లోపల 128 గుణిజానికి ఒకటి కలిపిన సంఖ్యలు ఇరవయ్యే: 129, 257, 385, 513, 641, 769, 897, 1025, 1153, 1281, 1409, 1537, 1665, 1793, 1921, 2049, 2177, 2305, 2433, 2561. ఇందులో ప్రధానాలు ఐదే. మిగతావి 3, 5, 7, 11, 13, 17, 29లలో ఏదో ఒకదానితో పోతాయి.

6700417ను భాగిస్తే
257తో శేషం 170
641తో శేషం 44
769తో శేషం 120
1153తో శేషం 334
1409తో శేషం 622

ఏదీ సున్నా కాదు, కాబట్టి ప్రధానం. నిజానికి 257ను చూడనవసరం కూడా లేదు, ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు. 641ను మాత్రం వదలొద్దు, రెండుసార్లు భాగిస్తుందేమో చూడాలి కదా.

#12 అరవైనాల్గుబిట్లు

ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఇక్కడ పడే గొయ్యి ఒకటుంది. 4294967297 ప్రధానమా కాదా అని 2 ఆధారంగా ఫెర్మా పరీక్ష (ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతం చేసి శేషం 1 వస్తుందా అని చూడడం) పెడితే ‘ప్రధానమే’ అంటుంది. 2³² శేషం −1 కనుక 2⁶⁴ శేషం 1; పరీక్షలో వాడే ఘాతం 2³², అది 64కు గుణిజం; ఫలితం తప్పక 1. దానికంటే కట్టుదిట్టమైన మిల్లర్–రాబిన్ పరీక్షకు కూడా 2 ఒక్కటే ఇస్తే అదే మోసం.

3 ఇచ్చి చూడండి. 3ను 31 సార్లు వర్గం చేస్తూ శేషం తీస్తే, ప్రధానమైతే −1, అంటే 4294967296 రావాలి. వచ్చేది 10324303. ఇంకోసారి వర్గం చేస్తే 3029026160, ఒకటి కాదు. అక్కడితో సరి, కారణాంకం ఏమిటో తెలియకుండానే సంయుక్త సంఖ్య అని తేలిపోయింది.

2⁶⁴ లోపు ఏ సంఖ్యకైనా మొదటి 12 ప్రధానాలు (2 నుంచి 37 దాకా) ఆధారాలుగా ఇస్తే మిల్లర్–రాబిన్ తప్పు చెప్పదు. కానీ వర్గం చేసేటప్పుడు మధ్య ఫలితం 128 బిట్లకు పోతుంది. 64 బిట్ల చలరాశిలోనే గుణిస్తే పై సగం నిశ్శబ్దంగా ఊడిపోతుంది, ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపించదు. చిన్న సంఖ్యలతో పరీక్షించి బాగుందనుకుంటారు, పెద్దవాటి దగ్గర బయటపడుతుంది.

#13 కరీంనగర్_కారణాంకం

ఇంత పెద్ద సంఖ్యల ఒక్క వర్గ కారణాంకం కూడా లేకపోవుడు యాదృచ్ఛికమా? పక్కనే ఉన్న 2⁶³ − 1 చూడుండ్రి: 7² × 73 × 127 × 337 × 92737 × 649657. అందుల 7 రెండుసార్లుంది.

#14 శేషం_మిగిలింది

యాదృచ్ఛికం కాదు, దాదాపు తప్పనిసరి.

ఒక ప్రధానానికి 2 ఎన్నో ఘాతంలో మొదటిసారి శేషం 1 ఇస్తుందో ఆ ఘాతాన్ని దాని ‘క్రమం’ అందాం. 7కు క్రమం 3. 7 వర్గానికి, అంటే 49కి, క్రమం 3 × 7 = 21. 63ను 21 భాగిస్తుంది, అందుకే అక్కడ 49 దూరింది.

మన సంఖ్యలో ఘాతం 64. ఏదైనా ప్రధాన వర్గం దీన్ని భాగించాలంటే ఆ వర్గం క్రమం 64ను భాగించాలి. మామూలుగా వర్గం క్రమంలో ఆ ప్రధానం కూడా గుణకంగా వచ్చి కూర్చుంటుంది; బేసి ప్రధానం 64ను భాగించలేదు. మినహాయింపు ఒక్కటే, వీఫెరిక్ ప్రధానాలు (వర్గం చేసినా క్రమం పెరగనివి). తెలిసినవి 1093, 3511 రెండే, రెండూ మన ఏడుగురిలో లేవు.

ఆ ఏడింటి క్రమాలు కూడా చూడదగ్గవే: 3కు 2, 5కు 4, 17కు 8, 257కు 16, 65537కు 32, 641కీ 6700417కీ 64. ఘాతం రెట్టింపైన ప్రతిసారీ కొత్త ప్రధానం చేరుతోంది. దీని ఫలితం ఒకటి: 1/641ను ద్వియాంశంలో (0, 1లతోనే) రాస్తే సరిగ్గా 64 బిట్లకు ఒకసారి తిరిగి మొదలవుతుంది.

#15 పలకబలపం

భాజకాల మొత్తం కట్టాను. ప్రతి ప్రధానానికీ ఒకటి కలిపి గుణిస్తే చాలు: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418 = 31421980989189888768. 18తో గుణించాం కాబట్టి 9తో పోవాలి. అంకెల మొత్తం 117, పోతుంది. 65538 = 11 × 5958, కనుక 11తో కూడా పోవాలి; పోతుంది.

సంఖ్యతో భాగిస్తే 1.7034. రెండు కంటే తక్కువ, కాబట్టి ఇది లోప సంఖ్య. బేసి సంఖ్య, అందులో 3, 5 ఉన్నా 7, 11, 13 లేవు. రెండు దాటే ఊపు రాలేదు.

#16 శేషం_మిగిలింది

ఒకటి కలపడం బదులు ఒకటి తీసి గుణిస్తే ఇంకా అందంగా ఉంటుంది: 2 × 4 × 16 × 256 × 640 × 65536 × 6700416 = 2⁴⁵ × 261735. ఈ సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యలు అన్ని ఉన్నాయి. మొత్తంలో 49.92 శాతం, సగానికి వెంట్రుకవాసి తక్కువ.

641, 6700417 రెండూ పక్కన పెట్టి మొదటి ఐదు ఫెర్మా ప్రధానాలతోనే కడితే 2³¹ వస్తుంది, శుద్ధమైన రెండు ఘాతం. స్కేలు, వృత్తలేఖినితో గీయగల క్రమ బహుభుజులకు కావాల్సిన షరతు సరిగ్గా ఇదే. 17 భుజాలది గీయొచ్చని 1796లో గౌస్ చూపాడు. ఈ షరతు తప్పనిసరి అని 1837లో వాంజెల్ రుజువు చేశాడు. బేసి భుజాలతో గీయగలమని మనకు తెలిసిన వాటిలో అతి పెద్దది 4294967295 భుజాలది, అంటే 2³² − 1. దాని భాజకాలు 32; ఒకటిని వదిలేస్తే 31 బేసి బహుభుజులు. (గీయగలం అంటే సిద్ధాంతంలో. ఆ వృత్తలేఖిని ఎవరి దగ్గరా లేదు.)

ఇంకో ముచ్చట. పాస్కల్ త్రిభుజంలో బేసి అంకె ఉన్నచోట 1, సరి అంకె ఉన్నచోట 0 రాసి, ప్రతి వరుసనూ ద్వియాంశ సంఖ్యగా చదవండి: 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257… మొదటి 32 వరుసలూ 2³² − 1 భాజకాలే, చిన్నది నుంచి పెద్దది దాకా వరసలో. తర్వాతి వరుస 4294967297, అది ప్రధానం కాదు కాబట్టి బహుభుజుల కథ అక్కడ తెగుతుంది. వరుసలు మాత్రం ఆగవు; 64వ వరుసలో 64 ఒకట్లు, అంటే మన సంఖ్యే.

#17 నిమ్మకాయసోడా

ఇది వర్గ సంఖ్యల మొత్తంగా రాయొచ్చా? త్రిభుజ సంఖ్య అవుతుందా?

#18 శేషం_మిగిలింది

ద్వియాంశంలో చివరి మూడు బిట్లూ ఒకట్లే, కాబట్టి 8తో భాగిస్తే శేషం 7. అలాంటి సంఖ్య రెండు వర్గాల మొత్తం కాదు, మూడు వర్గాల మొత్తం కూడా కాదు. నాలుగు కావాల్సిందే.

త్రిభుజ సంఖ్య కావాలంటే ఎనిమిది రెట్లు చేసి ఒకటి కలిపితే వర్గం రావాలి. అంటే 2⁶⁷ − 7 వర్గం కావాలి. రెండు ఘాతం నుంచి 7 తీస్తే ఎప్పుడు వర్గం వస్తుందన్న ప్రశ్న రామానుజన్ 1913లో వేశాడు. ఘాతం 3, 4, 5, 7, 15 అయినప్పుడే అన్నాడు. 1948లో నాగెల్ రుజువు చేశాడు. 67 అందులో లేదు. ఈ జాతిలో చివరి త్రిభుజ సంఖ్య 4095.

#19 కరీంనగర్_కారణాంకం

గింజల లెక్క ఎవ్వరూ చెయ్యలే. వడ్ల గింజ 20 మిల్లీగ్రాములు అనుకుందాం (రకాన్ని బట్టి మారుతది, మీది మీరు తూచుకోండ్రి).

మొదటి వరుస ఎనిమిది గళ్లు: 255 గింజలు, 5 గ్రాములు.
సగం బల్ల, 32 గళ్లు: 4294967295 గింజలు, దాదాపు 86 టన్నులు, 75 కిలోల బస్తాలైతే 1145. పది టన్నుల లారీలు తొమ్మిది చాలు.
మొత్తం బల్ల: 36,893 కోట్ల టన్నులు. బస్తాలు 4.92 లక్షల కోట్లు.

కథల గింజలిస్తనని మాటిచ్చిన రాజు సగం దాకా నవ్వుకుంటనే ఉంటడు. రెండో సగం అంటే మొదటి సగానికి 4294967296 రెట్లు. చాలామంది మిల్లీగ్రాముల నుంచి టన్నులకు మార్చేటప్పుడు మూడు సున్నాలు జారవిడుస్తరు: ఒక టన్ను అంటే వంద కోట్ల మిల్లీగ్రాములు.

#20 ఛందోబద్ధుడు

చదవడం కూడా రాసి పెడదాం, కామాలు తప్పుగా పెట్టేవాళ్లు ఎక్కువ. మన పద్ధతిలో 1,84,46,74,40,73,70,95,51,615. కోటికోటి చొప్పున కోస్తే: ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను. ఏడేసి అంకెలు కోయాలి. ఆరేసి కోస్తే మొత్తం తలకిందులు.

#21 నిమ్మకాయసోడా

దీనికి ఇటు అటు ఉన్న సంఖ్యల సంగతి? దగ్గరలో ప్రధానం ఉందా?

#22 అరవైనాల్గుబిట్లు

కిందికి వెళ్తే 2⁶⁴ − 59, అంటే 18446744073709551557 ప్రధానం. 64 బిట్లలో పట్టే ప్రధానాల్లో ఇదే పెద్దది, అందుకే హ్యాషింగ్ కోడ్‌లలో తరచూ తగులుతుంది. పైకి ఒకటి కలిపితే గుర్తులేని 64 బిట్ల చలరాశి సున్నాకు తిరిగిపోతుంది. అదే బిట్లను గుర్తున్న చలరాశిగా చదివితే మన సంఖ్య −1. లాగ్ ఫైల్‌లో ఎక్కడైనా 18446744073709551615 కనబడితే అది పెద్ద సంఖ్య కాదు, ఎవరో −1ని తప్పు రకంలో అచ్చు వేశారు అని ముందు అనుమానించండి. సున్నా నుంచి ఒకటి తీసినా ఇదే వస్తుంది. ‘సున్నా కంటే తక్కువ కానంత వరకు’ అని గుర్తులేని చలరాశితో వెనక్కి నడిచే లూప్ అందుకే ఆగదు.

#23 శేషం_మిగిలింది

రెండు కలిపితే ఆరో ఫెర్మా సంఖ్య, 18446744073709551617. దీన్ని 1880లో లాండ్రీ విడగొట్టాడు: 274177 × 67280421310721. ఇందాకటి నియమం ఇక్కడ 128 బదులు 256: 274177 = 1071 × 256 + 1. ఆయిలర్‌కు 641 దొరకడానికి 128 వరుసలో ఐదో సంఖ్య దాకా వెళ్తే సరిపోయింది. ఇక్కడ 1071వ దాకా వెళ్లాలి.

#24 పలకబలపం

గుణించి చూశాను, చివరి మూడంకెలు 617 సరిపోయాయి. తొమ్మిదుల పరీక్ష: 274177కు 1, 67280421310721కి 8, లబ్ధం 8. 18446744073709551617 అంకెల మొత్తం 89, తెస్తే 8. మిగతా గుణకారం గళ్ల కాగితం ఉన్నవాళ్లు చేసుకోండి.